పైలట్ మంట ఆరిపోయే గది

బర్నర్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది పేలుళ్ళ గురించే. "ఎప్పుడన్నా పేలిందా సార్?" అంటారు. పేలింది. కనుబొమలు కాలాయి, ఒకసారి చొక్కా అంటుకుంది. అవన్నీ టీ తాగుతూ చెప్పుకుని నవ్వుకునే సంగతులు. నేనిక్కడ రాస్తున్నది చప్పుడు లేకుండా జరిగిన ఒక సంగతి.

కొత్తగూడెంలో ఉండి, ఇటు ఖమ్మం నుంచి అటు భద్రాచలం అవతల అడవి దాకా గ్యాసుతో మండేవన్నీ బాగుచేస్తూ బతికాను. హోటళ్ళ భట్టీలు, హాస్టళ్ళ వంటశాలలు, దవాఖానా బాయిలర్లు, బేకరీ ఓవెన్లు, పప్పు ఆరబెట్టే డ్రయ్యర్లు. ఈమధ్యే రిటైరయ్యాను. నా సొంత కథ ఎవరికీ అక్కర్లేదు. దుమ్ముగూడెం అవతలి జీడిపప్పు షెడ్డులో జరిగింది మాత్రం ఈ పనిలోకి వచ్చే ప్రతివాడూ తెలుసుకోవాలి.

ముందు మంట సంగతి

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. కొత్తగూడెం బస్టాండు వెనక ఆయనకో చిన్న రిపేరు దుకాణం ఉండేది. నోట్లో ఎప్పుడూ లవంగం నములుతుండేవాడు. కోపం ఎక్కువ, తప్పు చేస్తే స్క్రూడ్రైవర్ పిడితో వేళ్ళ మీద కొట్టేవాడు. ఏ హోటల్‌కి పోయినా సంచీ కింద పెట్టకముందే తలుపులు, కిటికీలు బార్లా తీసేవాడు. ఓనర్లు విసుక్కున్నా వినేవాడు కాదు.

"గ్యాసు వాసనొస్తది, దొరికిపోతది. గాలి ఉన్నదో లేదో నీకు తెల్వది. ముందు గాలి చూడు బేటా, మంట తర్వాత" అనేవాడు.

బర్నర్ ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఎంతసేపైనా నిలబడో వంగో చెయ్యాల్సిందే. "భట్టీ ముందు కూసునేటోడు మెకానిక్ కాదు, తిని పోయే గిరాకీ" అనేవాడు. అప్పట్లో అది మమ్మల్ని ఏడిపించడానికే అనుకునేవాళ్ళం.

బర్నర్‌లో పెద్ద రహస్యమేమీ లేదు. సన్నని రంధ్రంలోంచి గ్యాసు వేగంగా దూసుకొస్తుంది. ఆ వేగానికి పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ కలిసి మూతి దగ్గర మండుతాయి. గాలి సరిపోతే మంట నీలంగా, మొన తేలి, కదలకుండా నిలబడుతుంది. సరిపోకపోతే పసుపు రంగుకి తిరుగుతుంది, నాలుకలా ఊగుతుంది, తగిలినచోటల్లా మసి పూస్తుంది. అలా సగం మాత్రమే మండిన గ్యాసులోంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. మనం పీల్చే మంచి గాలి కంటే ముందు అదే నెత్తురులో కలుస్తుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, కాళ్ళలో సత్తువ పోవడం, ఆపైన బుద్ధి మసకబారడం. బయటికి వచ్చి కాసేపు కూర్చుంటే తేరుకుంటారు. అందుకే లోపల ఏదో ఉందన్న అనుమానమే రాదు.

ఇక పైలట్. పెద్ద బర్నర్ మాటిమాటికీ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. దాన్ని అంటించడానికి పక్కన వేలెడంత మంట ఎప్పుడూ మండుతుంటుంది. అదే పైలట్. అది ఆరిపోయాక గ్యాసు వస్తూనే ఉంటే గదంతా నిండిపోతుంది కదా. అలా జరక్కుండా ఒక సన్నని కడ్డీ మొనని ఆ మంటలో ఉంచుతారు. రెండు రకాల లోహాల్ని కలిపి చేసిన కడ్డీ అది. వేడెక్కితే అందులో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. గ్యాసు వాల్వులో ఉండే చిన్న అయస్కాంతం పట్టు వదలకుండా ఉండటానికి ఆ కాస్త చాలు. పైలట్ ఆరితే కడ్డీ చల్లబడుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, స్ప్రింగు వాల్వుని మూసేస్తుంది.

పైలట్ ఊరికే ఆరిపోతోందని అందరూ దాన్నే తిడతారు. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. దానికి గాలి అందట్లేదు, అంతే. దానికి అందని గదిలో మీకూ అందదు.

మాటలు లేని షెడ్డు

ఆ షెడ్డు యజమాని సత్యనారాయణ గారు భద్రాచలంలో ఉంటారు. వానలు జోరుగా పడుతున్న రోజుల్లో ఒకనాడు పొద్దున ఫోన్ చేశారు.

"పప్పుకి మసి అంటుతోందండి. కొన్నవాళ్ళు సరుకు తిప్పి పంపిస్తున్నారు. పైగా ఆడవాళ్ళు పనిలోకి రామంటున్నారు, దయ్యం అంట. మీరు వెళ్ళి బర్నర్ సంగతి చూడండి. దయ్యం సంగతి మా శేఖర్ చూసుకుంటాడు."

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. దారికి ఒక పక్క గోదావరి ఎర్రగా పొంగి ఉంది, ఇంకో పక్క అడవి. శేఖర్ అక్కడి సూపర్‌వైజర్, టేకులపల్లి కుర్రవాడు. గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను హాలు గుమ్మం దాకా తీసుకొచ్చి అక్కడే ఆగిపోయాడు.

"లోపలికి రావా?" అన్నాను.

"మీరు సూడండి సార్. నేనిక్కడ్నే ఉంట" అన్నాడు. పైనుంచి కారుతున్న నీళ్ళు అతని భుజం మీద పడుతున్నాయి. అయినా గుమ్మం దాటలేదు.

అక్కడ జరిగే పని ఇదీ. జీడిగింజలు పగలగొట్టి తీసిన పప్పుని డ్రయ్యర్‌లో వేడి గాలికి ఆరబెడతారు. పై పొట్టు వదులవుతుంది. చుట్టుపక్కల గూడేల ఆడవాళ్ళు హాల్లో కూర్చుని చేటల్లో ఆ పొట్టు ఒలుస్తారు. హాలు వెనక గోడకు ఆనుకుని, బయటికి తలుపున్న బర్నర్ గది. ఇలాంటి హాళ్ళు నేను చాలా చూశాను. ఎక్కడైనా సరే, గుమ్మంలో అడుగు పెట్టకముందే మాటలూ నవ్వులూ వినబడతాయి.

ఆ రోజు ఒక్క మాట లేదు. చీరకొంగులు తలకు బిగించి కట్టుకుని కొందరు కూర్చున్నారు. వేళ్ళు ఆడుతున్నాయి, పొట్టు రాలుతోంది. నా అడుగుల చప్పుడుకి తలలెత్తారు. అందరూ ఒక్కసారిగా ఎత్తలేదు. ఒకరి తర్వాత ఒకరు, నిద్రలోంచి లేచినట్టు, మెల్లగా. కొందరి చూపు నా మీద ఆనకుండా నా వెనక ఎవరో ఉన్నట్టు అటు నిలిచింది. నేను కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

గోడల పైన గాలి రావడానికి వదిలిన కంతలన్నీ మూసేసి ఉన్నాయి. గోనె సంచులు, పాత చీరపేలికలు కుక్కి, మధ్య మధ్య వేపకొమ్మలు గుచ్చారు. బయటనుంచి టార్పాలిన్ దించారు.

"ఇవెందుకు మూసిన్రు?" అని దగ్గరున్న ఆమెని అడిగాను.

"అండ్లకెళ్ళే పిలుస్తది సారు."

"ఎవరు?"

"నాగమణి."

తర్వాత సంగతంతా ఆమే చెప్పింది. నాగమణి వీళ్ళతోపాటు ఇదే హాల్లో పనిచేసిన పిల్ల. పోయిన వానల్లో జ్వరమొచ్చింది. వాగు పొంగి రోడ్డు తెగిపోయింది. భద్రాచలం దవాఖానాకి తీసుకుపోయే దారి లేక ఇంట్లోనే చనిపోయింది. ఈ ఏడు వానలు మొదలై తలుపులు వేసుకుని పనిచెయ్యడం మొదలెట్టిన దగ్గర్నుంచి, మధ్యాహ్నమయ్యేసరికి పేరు పెట్టి పిలుస్తోంది. ఒకామెకి ఎదురుగా కూర్చుని తన చేటలోంచే పప్పు తీసి ఒలుస్తున్న చెయ్యి కనిపించింది. ఆకుపచ్చ గాజులున్న చెయ్యి. ఇంకొకామె కింద పడిపోయింది.

"పడిపోయినామె ఎట్ల లేచింది?" అన్నాను.

"బయటికి మోస్కపోయినం. గాలి తగిలినంక లేచింది."

"కంతలు మూసినంక పిలుపు తగ్గిందా?"

"తగ్గలే సారు. ముందు ఒక్కల్ని పిలిచేది. ఇప్పుడు అందర్నీ పిలుస్తంది."

నాకు భయమేసింది. దయ్యానికి మాత్రం కాదు. వానకీ, పిలుపుకీ భయపడి వాళ్ళు ఒక్కొక్క కంత మూసేకొద్దీ లోపలికొచ్చే గాలి తగ్గింది. గాలి తగ్గేకొద్దీ నాగమణి దగ్గరకొచ్చింది.

హాల్లో ఒక్కరు మాత్రం మిగిలినవాళ్ళకి దూరంగా, బర్నర్ గది గోడకే వీపు ఆనించి కూర్చున్నారు. నడివయసు దాటిన మనిషి. పొట్టు ఒలుస్తూ, చెవి గోడవైపు పెట్టి ఉంది.

"ఆమె జోగమ్మ. నాగమణి తల్లి" అంది చెబుతున్నామె, గొంతు తగ్గించి.

బర్నర్ గదిలో

గుమ్మం దగ్గరికి పోయి శేఖర్‌తో చెప్పాను. "అందర్నీ బయటికి తీసుకురా. కంతల్లోవన్నీ పీకించు. సిలిండర్లు ఎక్కడున్నయ్?"

"వెనక ఇనప జాలీ బోనుల సార్. తాళం వాచ్‌మన్ దగ్గరుంది. ఆయన ఊళ్ళెకి పోయిండు."

ఆడవాళ్ళని లేపేంతసేపు డ్రయ్యర్ అలా మండుతూ ఉండటం నాకిష్టం లేదు. బర్నర్ గదిలో ఇంకో వాల్వు ఉంటుంది. ఊపిరి బిగబట్టి వెళ్ళి మూసి వచ్చేద్దామనుకున్నాను.

గది చిన్నది, పైకప్పు తలకు తగిలేంత ఎత్తు. ఉన్న ఒక్క కిటికీకీ రేకు కొట్టేశారు. బర్నర్ మూతిలోంచి పసుపు మంట బయటికి పొంగి, వెనక్కి వంగి, డ్రయ్యర్ ఇనుప తలుపుని నాకుతోంది. గోడంతా మసి. పక్కన పైలట్ మంట గాలి కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ వంగుతూ, పోతూ, మళ్ళీ వస్తూ ఉంది. వాల్వు మీటని నొక్కిపెట్టి రాగి తీగతో బిగించి చుట్టేశారు. కడ్డీ చల్లబడినా అయస్కాంతం వదిలేసినా ఇక ఆ వాల్వు మూసుకోదు.

తీగ మెలిక విప్పబోయాను, రాలేదు. సంచీలోంచి కట్టర్ తీస్తుంటే ఊపిరి పీల్చక తప్పలేదు. అప్పుడు వెనకనుంచి మాట వినబడింది.

"ఏందిరా ఆ తొందర? కూసో."

ఖాదర్ సాబ్ గొంతు. ఆయన పోయి ఏళ్ళయింది, జనాజా మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. గొంతుతో పాటు లవంగం వాసన కూడా వచ్చింది.

"వాన జల్లు కొడ్తంది, తలుపు ముయ్యి. కూసోని మెల్లగ జేస్కో బేటా."

ఎంత ప్రేమగా అన్నాడో చెప్పలేను. ఆ మాట విని నా చెయ్యి వెనక్కి పోయి తలుపు మూసింది. ఒక మూల బోర్లించిన డబ్బా ఉంటే దానిమీద కూర్చున్నాను. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆయన నా వెనకే ఉన్నాడు. ఆయన మోకాలు నా వీపుకి తగులుతున్నట్టే ఉంది. తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళిపోతాడేమోనని.

నేనేమిటో నాకు తెలియని స్థితి కాదది. పసుపు మంట ఎదురుగా కనబడుతోంది, దాని అర్థం తెలుసు. ఇంతకుముందు ఎన్నిసార్లు ఎందరికో చెప్పిన సంగతే. తెలిసి కూడా లేవబుద్ధి కాలేదు. దీన్ని మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. తెలివి ఉంటే సరిపోతుందనుకోకండి, ఆ గాలి మొదట తీసుకుపోయేది దాన్నే.

నన్ను లేపింది ఒక చిన్న అనుమానం. ఖాదర్ సాబ్ నన్ను తలుపు ముయ్యమన్నాడు. బర్నర్ ముందు కూర్చోమన్నాడు. ఆయన బతికుండగా ఈ రెండు మాటలూ నాతో ఒక్కనాడూ అనలేదు.

"నువ్వు ఉస్తాద్‌వి కాదు" అన్నాను. నాలుక మందంగా ఉండి మాట సరిగా రాలేదు.

వీపుకి తగులుతున్న మోకాలు తీసేసినట్టు తెలిసింది.

డబ్బా మీదినుంచి కిందికి జారి, మోకాళ్ళ మీద పాకి, రెండు చేతులతో కట్టర్ పట్టుకుని తీగ తెంచాను. వాల్వు టక్కుమని మూసుకుంది. పెద్ద మంట ఆరిపోయింది. ఆ చీకట్లో నా వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. తలుపు మీద పడ్డాను. అది తెరుచుకుంది, బురదలో బోర్లా పడ్డాను.

నా చంకల కింద చేతులేసి వానలోకి ఈడ్చినవాడు శేఖర్. హాలు గుమ్మమే దాటనన్నవాడు.

"అందరూ వచ్చిన్రా?" అన్నాను, కాస్త తేరుకున్నాక.

"వచ్చిన్రు సార్. జోగమ్మనే వచ్చి మళ్ళ లోపటికి పోయింది."

మళ్ళీ లోపలికెందుకు పోయిందో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. శేఖర్, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి తీసుకొచ్చారు. గోడకు ఆనుకుని కళ్ళు తెరిచే ఉందట. ఆటోలో నన్నూ, ఆమెనూ, తల తిరుగుతోందన్న మరికొందరినీ దుమ్ముగూడెం దవాఖానాకి తీసుకుపోయారు. ఆక్సిజన్ పెట్టారు. పక్క మంచం మీద జోగమ్మ ముక్కుకి మాస్కుతో పైకప్పు చూస్తూ పడుకుంది.

శేఖర్ చెప్పింది

తల బరువు దిగాక వెళ్ళి చూస్తే సంగతి మొత్తం తేలింది. పొగగొట్టం మీది రేకు టోపీ మొదటి గాలివానకే వంగి గొట్టం నోరు సగానికి పైగా మూసేసింది. పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి బర్నర్ గదిలోకి, అక్కడినుంచి గోడ సందుల్లోంచి హాల్లోకి వచ్చింది. గాలి లేక పైలట్ ఆరిపోయేది. ఆరిన ప్రతిసారీ వాల్వు తన పని తాను చేసి గ్యాసు ఆపేది. ఒక రకంగా అన్నాళ్ళూ వాళ్ళని బతికించింది అదే.

"మరి తీగ ఎవరు కట్టిన్రు?" అని శేఖర్‌ని అడిగాను.

తల దించుకున్నాడు. "రోడ్డు మీది స్టవ్వుల మెకానిక్‌ని పిలిపించి కట్టిచ్చిన సార్."

"ఎందుకు?"

"ఆరినప్పుడల్ల ముట్టియ్యనీకి నేనే పోవాలె. ఆ గదిల నా పక్కన ఎవలో నిలవడ్డట్టుంటది. భయమైతది సార్. ఒక్కసారి కడితే మళ్ళ పోయే పనుండదనుకున్న."

నేనతన్ని తిట్టలేదు. డబ్బు ఆశతోనో బద్ధకంతోనో కడతారనుకుంటాం, భయంతో కట్టేవాళ్ళూ ఉంటారు. తిట్టాల్సింది డబ్బులు తీసుకుని తీగ కట్టినవాణ్ణి. వాల్వు ఎందుకు మూసుకుంటోందని అడగకుండా దాని నోరు కట్టేసినవాడు ఈ పనికి తగడు. అలాంటి పని మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నా, ఎంత బతిమాలినా, సంచీ సర్దుకుని వచ్చేయండి.

ఇంకో మాట. ఎక్కడైనా దయ్యం తిరుగుతోందని చెబితే నవ్వకండి. నవ్వితే వాళ్ళు చెప్పడం ఆపేస్తారు. ఎక్కడ కనబడుతోంది, తలుపులు వేసి ఉన్నప్పుడా, బయటికి పోతే తగ్గుతోందా, తలనొప్పి ఎందరికుంది అని అడగండి. ఆ హాల్లో ఆడవాళ్ళు నాకు చెప్పినంత వివరంగా ఏ మీటరూ చెప్పలేదు.

జోగమ్మ అడిగింది

పొగగొట్టం మార్చాను. కంతలకి ఇనుప జాలీలు పెట్టించి, మూసే వీలు లేకుండా చేశాను. బర్నర్ గది కిటికీ రేకు పీకించాను. మంట మళ్ళీ నీలంగా నిలబడింది. ఆడవాళ్ళు పనిలోకి వచ్చారు. హాల్లో మాటలు మొదలయ్యాయి. నాగమణి పేరు ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి అక్కడ విషవాయువు అలారం బిగించడానికి మళ్ళీ వెళ్ళాను. అందరూ అన్నాలకు లేచారు. జోగమ్మ లేవలేదు. ఆ గోడ దగ్గరే ఉంది. నేను స్టూలెక్కి గోడకు మేకు కొడుతుంటే చేటతోనే లేచి వచ్చి నిలబడింది.

"సారూ, ఒక మాట."

"చెప్పక్కా."

"ఇప్పుడు వస్తలేదు."

సుత్తి దించాను.

"అది ఆ గాలి వల్ల వచ్చింది అక్కా. తలకెక్కి లేనివి వినబడేటట్టు చేస్తది. నాక్కూడ వినబడ్డది, పోయినోళ్ళ గొంతే."

"శేఖర్ చెప్పిండు. ఎర్క నాకు." ఆమె చేటలో పొట్టు వేలితో అటూ ఇటూ జరిపింది. "జరంత పెట్టరాదు? మంట జర పసుపుపచ్చగ. అందరు పోయినంక, నేనొక్కదాన్నే ఉన్నప్పుడు. ఒక్కసారి."

"సచ్చిపోతవు అక్కా."

"అవ్. ఎర్కనే."

స్టూలు దిగాను. కుదరదని చెప్పాను. ఇంకెవరినీ అడగొద్దని, శేఖర్‌ని అసలే అడగొద్దని చెప్పాను. ఆమె, నేను ఇలాగే అంటానని ముందే తెలిసినట్టు తలూపింది. అలారం డబ్బా చూపించి, దాని సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

"ఇది మొత్తుకుంటే చేతుల ఏ పనున్నా ఇడిసిపెట్టాలె. ఇంకేం చూడొద్దు. లేచి బయటికి పోవాలె."

జోగమ్మ నా ముఖంలోకి చూసింది. ఆమె నన్ను సూటిగా చూడటం అదే మొదటిసారి.

"నా బిడ్డ గదే అనేది" అంది.

"ఏమని?"

"లేచి బయటికి పో అమ్మా, అని. ఎప్పుడొచ్చినా గదొక్కటే మాట. ఇంకోటి మాట్లాడకపోయేది. నేను లేచి పోయేదాన్ని. వాన్లో నిలబడేదాన్ని. మళ్ళ జర వినబడుతదేమో అని లోపటికొచ్చి కూసునేదాన్ని."

గోడకు అంత దగ్గరగా కూర్చున్న మనిషి, అందరికంటే ఎక్కువ ఆ గాలి పీల్చాల్సిన మనిషి, అన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు పడిపోలేదో నాకప్పుడు తెలిసింది. నాకు వినబడింది నన్ను అక్కడే కూర్చోబెట్టింది. ఆమెకు వినబడింది ఆమెను లేపి పంపింది. ఒకటే గది, ఒకటే మంట, ఒకటే గాలి. నా చదువులో, నా అనుభవంలో దీనికి జవాబు లేదు. ఉన్నట్టు మీకు చెప్పను.

జోగమ్మ చేట ఎత్తుకుని బయటి వసారాలోకి పోయి వాన చూస్తూ కూర్చుంది. నేను బర్నర్ గదిలోకి వెళ్ళి చివరిసారిగా మంట చూశాను. నీలంగా, కదలకుండా, చప్పుడు లేకుండా మండుతోంది. ఎందుకో అక్కడ కాసేపు నిలబడి చెవులు రిక్కించాను. తర్వాత వచ్చేశాను.